సగం భాగాలు లేని ఎస్‌యూ కార్బురేటర్: కొనొచ్చా, వదిలేయాలా?

మైనర్_గుంటూరు

నమస్కారం అండీ. మోరిస్ మైనర్ 1000, 948 సీసీ బండికి కార్బురేటర్ వెతుకుతున్నాను. మానిఫోల్డ్ (ఇంజన్‌కి మిక్చర్ పంపే గొట్టం) అసలుదే ఉంది, దాని మీద కూర్చోవాల్సిందే లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్లో ఎస్‌యూ అనే బ్రిటిష్ కంపెనీ కార్బురేటర్, హెచ్2 రకం, కనిపించింది, ఒకటింపావు అంగుళం సైజు. 4,000 చెబుతున్నారు.

ఉన్నవి: బాడీ, పైన గంటలాంటి సక్షన్ చాంబర్, అందులో పిస్టన్, ఫ్లోట్ గిన్నె, కింద జెట్ (పెట్రోలు పైకి వచ్చే రంధ్రం). పిస్టన్ కదులుతోంది గానీ సగం దారిలో పట్టేస్తోంది. థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారి మూసే డిస్కు తిరిగే ఇరుసు) అసలు తిరగడం లేదు, ఒక వైపు లివర్ రంపంతో కోసేశారు. ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుంది.

లేనివి: ఫ్లోట్ గిన్నె మూత, ఫ్లోట్, దాని ఫోర్కు, పెట్రోలు ఆపే నీడిల్-సీటు, పైన డ్యాంపర్ (పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా ఆపేది), పిస్టన్ స్ప్రింగు, చోక్ లివరూ లింకూ, నంబరు బిళ్ల. పిస్టన్ కింద ఉండి జెట్‌లోకి దిగే నీడిల్ మొదలు దగ్గరే విరిగిపోయింది.

చూపిస్తే ఒక మెకానిక్ గారు "ఇది తూకానికి వేయాల్సిన సరుకు" అన్నారు. లేనివి ఇన్ని ఉన్నాయి కాబట్టి నిజమే అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి: దేన్ని చూసి నిర్ణయించుకోవాలి?

లేత్_ఆటోనగర్

మీరు రాసిన లేనివాటిలో ఒక్కటి కూడా ఈ కార్బురేటర్‌ను తూకానికి పంపేంతటిది కాదండీ. మూత, ఫ్లోట్, డ్యాంపర్, స్ప్రింగు, నీడిల్, లివర్లు అన్నీ కొత్తవి దొరుకుతాయి. ఇంగ్లండ్‌లో బర్లెన్ అనే సంస్థ ఎస్‌యూ పేరు మీదే ఇప్పటికీ తయారుచేస్తోంది. దాన్ని చెత్త చేయగలిగేవి మీరు "ఉన్నవి" అని రాసినవాటిలో ఉన్నాయి. వాటినే పరీక్షించండి.

అన్నిటికంటే ముందు సక్షన్ చాంబర్, పిస్టన్. ఈ రెండూ జత. ఫ్యాక్టరీలో ఒకదానికొకటి కుదిర్చి పంపినవి. పిస్టన్‌కి రింగులు ఉండవు. చాంబర్ గోడకూ దానికీ మధ్య ఉన్న సన్నటి సందే వాక్యూమ్‌ను నిలబెడుతుంది. ఎవరో రెండు పాడైన కార్బురేటర్లు విప్పి ఒకదాని గంట కింద ఇంకోదాని పిస్టన్ పెట్టి ఉంటే చూడ్డానికి తేడా తెలియదు, బండి మీద మాత్రం ఎప్పటికీ సరిగా నడవదు.

మీది సగంలో పట్టేస్తోంది అన్నారు. రెంటినీ బయటికి తీసి థిన్నర్‌తో గుడ్డ పెట్టి తుడవండి. ఎమరీ పేపరు, బ్రాసో, వైరు బ్రష్షు లోపలి గోడకి తగలనివ్వకండి. అక్కడ గీరిన లోహం తిరిగి రాదు. తుడిచాక పిస్టన్‌ని చాంబర్‌లో పెట్టి నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ పైకీ కిందికీ ఆడించండి. ఎటు తిప్పినా ఒకేలా బరువుగా ఉంటే ఇంకా జిగురు ఉన్నట్టు. ఒక్క దిక్కున మాత్రమే పట్టేస్తే గంటకి సొట్ట పడిందనో, పిస్టన్ కాడ వంగిందనో అర్థం. సొట్టని లోపలినుంచి కొట్టి సరిచేస్తామనే వాళ్లు ఉంటారు, ఒప్పుకోకండి.

తర్వాత పతనం పరీక్ష. పిస్టన్ అడుగున రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి, పిల్లలు ఆడుకునే క్లేతో మూయండి. స్ప్రింగు లేకుండా పిస్టన్‌ని చాంబర్‌లోకి పూర్తిగా తోయండి. పరీక్షకి పైన డ్యాంపర్ ఉండాలి. మీ దగ్గర లేదు కాబట్టి ఆ కొట్లోనే ఏ ఎస్‌యూదైనా ఒకటి అడిగి బిగించండి. చాంబర్ ఫ్లాంజి స్క్రూ రంధ్రానికి ఒక పెద్ద వాషర్ నట్టు-బోల్టుతో బిగించి, అది లోపలికి కొంచెం పొడుచుకొచ్చేలా ఉంచితే గంట పూర్తిగా జారి కింద పడదు. ఇప్పుడు తలకిందులు చేసి పిస్టన్‌ని చేత్తో పట్టుకోండి, గంట దానంతటదే కిందికి జారుతుంది. ఒకటింపావు సైజుకి ఆ జారడం 3 నుంచి 5 సెకన్లలో పూర్తవ్వాలి. ఒకటి, రెండు సెకన్లలో దభీమని పడితే జత అరిగింది, లేదా జతే కాదు. ఎక్కువ పడితే మురికి, ఇంకోసారి కడగండి. ఒక్క లెక్క నమ్మకండి, మూడుసార్లు చూడండి.

ఇది పాసైతే 4,000 గురించి మాట్లాడుకోవచ్చు. ఫెయిలైతే స్పిండిల్, గిన్నె చూడక్కర్లేదు, విడిభాగాల ధరకి ఇస్తే తీసుకోండి, లేకపోతే వచ్చేయండి.

స్పిండిల్ పట్టేసి ఉండగా బేరం ముగించొద్దు. చివర సుత్తితో కొడితే బాడీ చెవి (స్పిండిల్ దూరే బుడిపె) పగులుతుంది. పెనట్రేటింగ్ ఆయిల్ పోసి ఒక రాత్రి ఉంచమని కొట్టువాళ్లని అడగండి. థ్రాటిల్ డిస్కు రెండు స్క్రూల వెనక చివరలు చీల్చి విప్పారి ఉంటాయి, ఊడిపోకుండా. వాటిని ముందు సన్న ఆకురాయితో చదును చేశాకే స్క్రూ తిప్పాలి. డిస్కు ఏ వైపు ఎలా కూర్చుందో గుర్తు పెట్టుకోండి, అంచులు వాలుగా కోసి ఉంటాయి, తిరగేస్తే మూసుకోదు.

స్పిండిల్ బయటికొచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. అసలు కొలత 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. ఆ సైజు డ్రిల్ బిట్ వెనక భాగం రంధ్రంలో పెట్టి ఊపి చూడండి. బిట్ ఊగిందంటే బాడీయే అరిగింది. అరుగుదల గుండ్రంగా ఉండదు, థ్రాటిల్ కేబుల్ లాగే దిక్కున కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాబట్టి కొత్త స్పిండిల్ ఒక్కటే వేస్తే తీరదు.

దీన్ని ఇంతగా ఎందుకు పట్టించుకోవాలంటే, ఐడ్లింగ్‌లో డిస్కు దాదాపు మూసుకుని ఉన్నప్పుడు వాక్యూమ్ అంతా స్పిండిల్ చుట్టూ ఉన్న సందులోంచి గాలి పీల్చుకుంటుంది. మిక్చర్ పల్చబడి ఇంజన్ ఆగిపోతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి జెట్ కిందికి దించి పెట్రోలు పెంచుతారు. ఐడ్లింగ్ నిలబడుతుంది, హైవే మీద మాత్రం ప్లగ్గులు నల్లగా మసిబారతాయి, పెట్రోలు తాగుతుంది. కార్బురేటర్ మంచిది కాదని బండివాళ్లు అనే ఫిర్యాదుల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది.

పాతబండి_పటమట

పై పోస్టుకి తోడు, భాగాల వైపు నుంచి కొన్ని మాటలు.

నంబరు బిళ్ల పోయింది కాబట్టి బాడీ మీద పోతలో ఉన్న "ఏయూసీ" నంబరు చూసి ఇదే మోడలని కొందరు చెబుతారు. అది పోత ముక్క నంబరు మాత్రమే, కార్బురేటర్ ఏ బండిదో చెప్పదు. ఆ సంగతి చెప్పేది సక్షన్ చాంబర్ స్క్రూ కింద ఉండే బిళ్లే. అది లేనప్పుడు మూడు చూడండి: ఫ్లోట్ గిన్నె ఏ కోణంలో నిలబడింది (మానిఫోల్డ్‌కి పెట్టి చూస్తే గిన్నె నిటారుగా ఉండాలి, వాలితే వేరే బండిది), గిన్నె ఎడమా కుడా, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టానికి చిన్న రంధ్రం ఉందా లేదా. ఆ రంధ్రం లేకపోతే కొత్తగా వేయొచ్చు గానీ డిస్కు అంచుకి సరిగ్గా ఎక్కడ పడాలో కొలత తప్పితే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం) ఐడ్లింగ్‌లోనే లాగేస్తుంది. నా మాటైతే, రంధ్రం ఉన్న బాడీయే తీసుకోండి.

నీడిల్ విరిగిందని దిగులు వద్దు, ఎలాగూ కొత్తదే వేయాలి. మిగిలిన మొదలు ముక్క మీద అక్షరాలు చెక్కి ఉంటాయి, పారేసేముందు భూతద్దంతో చదవండి. ఈ కార్బురేటర్ ఏ ఇంజన్ మీద బతికిందో అదొక్కటే సాక్ష్యం. కొనేటప్పుడు "మైనర్‌కి" అంటే ఏఎన్ నీడిల్ చేతిలో పెడతారు. అది 1098 సీసీ ఇంజన్‌ది. మీది 948, మీ ఏడాది వర్క్‌షాప్ మాన్యువల్‌లో హెచ్2 కింద రాసిన అక్షరాలే అడగండి. తర్వాతి హెచ్ఎస్ రకాల్లో స్ప్రింగు మీద వాలి ఉండే నీడిళ్లు వచ్చాయి, అవి మీ పిస్టన్‌లో కూర్చోవు. బిగించేటప్పుడు నీడిల్ మెడ పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి.

నకిలీ నీడిళ్లు తిరుగుతున్నాయి కాబట్టి కొన్నాక మైక్రోమీటర్ పెట్టండి. మీ జెట్ 0.090 అంగుళం. దానికి తగిన నీడిల్ పైనుంచి మొదటి కొలత 0.089 ఉండాలి. అక్కడినుంచి ప్రతి 1/8 అంగుళానికి ఒక కొలత, నీడిల్ కొలతల పట్టికతో పోల్చుకోవాలి. జెట్ రంధ్రం గుండ్రంగా ఉందో లేదో లైటు కింద చూడండి. ఒక వైపు అరిగి ఉంటే పాత నీడిల్ జెట్‌ని రాసుకుంటూ తిరిగిందన్నమాట, జెట్ కూడా మార్చాలి.

స్ప్రింగు ఎర్ర రంగు గుర్తుది, నాలుగున్నర ఔన్సులది. పసుపు రంగుది ఎనిమిది ఔన్సులు. అది దొరికింది కదా అని వేస్తే పిస్టన్ లేవడానికి ఎక్కువ గాలి వేగం కావాలి, మిక్చర్ చిక్కబడుతుంది.

డ్యాంపర్ మూత రెండు రకాలు: మీద చిన్న రంధ్రం ఉన్నది, లేనిది. చాంబర్ మెడ లోపల గాలి దారి తొలిచి ఉంటే రంధ్రం లేని మూత. తొలచకపోతే రంధ్రం ఉన్నదే. తారుమారైతే ఒక సందర్భంలో పిస్టన్ బద్ధకంగా లేస్తుంది, ఇంకో సందర్భంలో వాక్యూమ్ పైనుంచి కారిపోతుంది. అందులో 20 గ్రేడ్ ఆయిల్ పోయాలి.

స్క్రూల సంగతి మరిచిపోవద్దు. ఇందులో బీఏ అనే పాత బ్రిటిష్ కొలత థ్రెడ్‌లు ఉంటాయి. 2బీఏ స్క్రూ మందం 4.7 మి.మీ., పిచ్ 0.81. మన ఎం5 స్క్రూ పిచ్ 0.8. చూడ్డానికి ఒకేలా ఎక్కుతుంది, రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే అల్యూమినియం థ్రెడ్ ఊడి చేతికొస్తుంది. కొట్లో చూసేటప్పుడు ప్రతి రంధ్రంలో టార్చి వేసి చూడండి, ఎవరైనా ముందే ఈ పని చేసి ఉంటారు. ఒకటి రెండు పోతే హెలికాయిల్ (పాడైన థ్రెడ్‌లో వేసే తీగ చుట్ట) వేయించుకోవచ్చు. నాలుగైదు పోయాయంటే అది ఎవరి చేతుల్లో నలిగిందో అర్థం చేసుకోండి.

సోలెక్స్_మిత్రుడు

ఒక్కసారి లెక్క కూడా వేసుకోండి. ధర 4,000 అయినా, స్పిండిల్, బుష్షులు, నీడిల్, జెట్ కిట్టు, మూత, ఫ్లోట్, డ్యాంపర్, లింకులు, మీద పార్శిల్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపితే పూర్తి కార్బురేటర్ ధర దాకా వెళ్తుంది. పాత అంబాసిడర్లకి కూడా ఎస్‌యూ వచ్చింది కదా, దాని భాగాలు వాడుకోలేరా? లేదంటే సోలెక్స్ అనే వేరే కంపెనీ కార్బురేటర్ పెట్టి అడాప్టర్ ప్లేటు చేయించుకుంటే బండి రేపే రోడ్డెక్కుతుంది.

పాతబండి_పటమట

లెక్క వేయాల్సిందే, మీ మాట సబబే. విడివిడిగా మూడుసార్లు తెప్పిస్తే మూడుసార్లు రవాణా పడుతుంది, జాబితా మొత్తం తయారయ్యాక ఒకే పార్శిల్ పెట్టాలి.

అంబాసిడర్ ముక్కలతో మాత్రం జాగ్రత్త, అవి ఏ రకానివో ముందు చూడాలి. హెచ్ రకంలో పెట్రోలు ఫ్లోట్ గిన్నె చేతిలోంచి నేరుగా జెట్ చుట్టూ ఉన్న గదిలోకి వస్తుంది, కార్క్ గ్లాండులు (చుట్టూ బిగుసుకునే వలయాలు) అది కారకుండా ఆపుతాయి. హెచ్ఎస్ రకంలో సన్న నైలాన్ గొట్టం జెట్ అడుగుకి వస్తుంది. జెట్లు, జెట్ బేరింగులు ఒకదానివి ఒకదానికి పట్టవు. డ్యాంపర్, స్ప్రింగు, కొన్ని స్క్రూలు లాంటివి కొలత చూసి వాడుకోవచ్చు.

సోలెక్స్‌తో బండి నడుస్తుంది, కాదనను. ఈయన అడిగింది అసలు మానిఫోల్డ్ మీద అసలు కార్బురేటర్ గురించి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద "వీఏ" సిరీస్ వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తోంది. ఇంజన్, చాసిస్, బాడీ పెద్దగా మారకుండా ఉండాలనేది అందులో షరతు. బానెట్ ఎత్తగానే ముందు కనపడేది ఆ గంటే. అది ఉండాలనుకోవడం న్యాయమే.

మైనర్_గుంటూరు

అందరికీ ధన్యవాదాలు. కొట్టువాళ్లు రెండు రోజులు ఉంచి విప్పనిచ్చారు. ఫలితాలు:

గంట, పిస్టన్ కడిగాక పట్టడం పోయింది. పతనం మూడుసార్లు చూశాను, 4, 4, నాలుగున్నర సెకన్లు.
స్పిండిల్ బయటికొచ్చింది. బాడీ రంధ్రం లివర్ కోసిన వైపు 8.3 మి.మీ., రెండో వైపు 8.0.
మానిఫోల్డ్‌కి ఆనే ఫ్లాంజి మీద స్టీలు స్కేలు పెడితే మధ్యలో 0.15 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే రేకు) దూరింది.
గిన్నెలో పొడి గీకితే చిన్న చిన్న గుంటలు, ఒకటి లోతుగా ఉంది.
థ్రెడ్‌లలో ఒకటి మాత్రమే పోయింది. వాక్యూమ్ రంధ్రం ఉంది. గిన్నె మానిఫోల్డ్ దగ్గర నిటారుగానే నిలబడుతోంది.
నీడిల్ ముక్క మీద అక్షరాలు అరిగిపోయాయి.

లేత్_ఆటోనగర్

జత బాగుంది. తీసుకోండి. స్పిండిల్ రంధ్రం, థ్రెడ్ రెండూ చూపించి ధర తగ్గించమని అడగండి, అవి నిజమైన ఖర్చులే.

8.3 అంటే మామూలు స్పిండిల్‌తో కుదరదు. పది థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) ఎక్కువ లావు ఉన్న స్పిండిళ్లు దొరుకుతాయి, అంటే 8.19 మి.మీ., అది కూడా అక్కడ వదులే. బుష్ (రంధ్రంలో వేసే చిన్న లోహపు గొట్టం) వేయాల్సిందే. లేత్ పని చేసేవాళ్లకి ఇలా చెప్పండి: రెండు చెవులూ ఒకే సెట్టింగ్‌లో, ఒకే గీత మీద బోర్ చేయాలి. ఒక వైపు చేసి, తిప్పి ఇంకో వైపు చేస్తే రెండు రంధ్రాలూ వేర్వేరు గీతల మీద పడి స్పిండిల్ మళ్లీ పట్టేస్తుంది. బుష్ గన్‌మెటల్‌ది, గట్టిగా ప్రెస్ చేయకూడదు, చెవి పలచన, చీలుతుంది. చేత్తో నెడితే దూరేలా చేసి, పెట్రోలుకి తట్టుకునే రిటైనింగ్ కాంపౌండుతో అతికించాలి. లోపలి చివర గాలి దారిలోకి పొడుచుకు రాకుండా, గొట్టం వంపుకి తగ్గట్టు కోయాలి. లేకపోతే డిస్కు మూసుకోదు. చివరగా రెండు బుష్షుల్లోంచి ఒకేసారి 5/16 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు) తిప్పాలి. కొత్త స్పిండిల్ తన బరువుకే తిరగాలి, ఊగకూడదు.

డిస్కు బిగించేటప్పుడు కొత్త స్క్రూలే. ముందు వదులుగా పెట్టి, థ్రాటిల్ రెండు మూడుసార్లు టపటపా మూస్తే డిస్కు తన చోటు వెతుక్కుంటుంది. అప్పుడు బిగించి చివరలు విప్పదీయండి. అది మరిచిపోతే ఆ స్క్రూ ఒకరోజు వాల్వు కిందికి వెళ్తుంది.

ఫ్లాంజి వంపు ఎవరో ప్యాకింగ్ కుదరక బోల్టులు మరీ బిగించడం వల్ల వచ్చింది. మందపాటి అద్దం మీద 320 నంబరు వాటర్ పేపరు పరిచి, కిరోసిన్ తడిపి, ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్దండి. 0.05 ఫీలర్ దూరకపోతే చాలు. గుంట పూర్తిగా పోయేదాకా రుద్దితే మిగతా చోట లోహం పోతుంది.

గిన్నె లోతైన గుంట సంగతి: కిరోసిన్ నింపి, న్యూస్‌పేపర్ మీద ఒక రాత్రి ఉంచండి. కిరోసిన్ పెట్రోలు కంటే నెమ్మదిగా ఆరుతుంది, ఊరితే మరక కనపడుతుంది. మరక లేకపోతే అలాగే వాడండి. మరక వస్తే వేరే గిన్నె వెతకండి. ఎపాక్సీ పూత వేస్తామంటే వద్దు, ఇప్పటి ఇథనాల్ పెట్రోలులో అది పొరలుగా ఊడి జెట్‌లో ఇరుక్కుంటుంది. కడగడానికి కాస్టిక్ సోడా వాడకండి, అల్యూమినియం కరిగిపోతుంది. ఇసుక బ్లాస్టింగ్ కూడా వద్దు.

పాతబండి_పటమట

ఇథనాల్ మాట వచ్చింది కాబట్టి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. జెట్ కిట్టు ఆర్డర్ చేసేటప్పుడు పాత కార్క్ గ్లాండ్ బదులు నైట్రైల్ రబ్బరుది ఉన్నది అడగండి. ఫ్లోట్ సీటుకి విటాన్ (పెట్రోలుకి తట్టుకునే రబ్బరు) మొన ఉన్న నీడిల్. పాత రబ్బరు పెట్రోలు గొట్టం కూడా మార్చండి. వాడిన ఇత్తడి ఫ్లోట్ దొరికితే వేడినీళ్లలో ముంచండి, బుడగలు వస్తే చిల్లు. టంకం పెట్టే ముందు లోపలి పెట్రోలు మొత్తం ఆవిరయ్యేలా చూడాలి, లేకపోతే చేతిలో పేలుతుంది. టంకం బరువు పెరిగితే గిన్నెలో మట్టం పెరుగుతుంది, అతి తక్కువ పెట్టండి.

ఫ్లోట్ మట్టానికి: మూత తిరగేసి, నీడిల్ సీటు మీద ఆనినప్పుడు మూత అంచుకీ ఫోర్కుకీ మధ్య 7/16 అంగుళం, అంటే 11.1 మి.మీ. కడ్డీ సరిగ్గా పట్టాలి. తేడా ఉంటే ఫోర్కు చీలే చోట వంచాలి, కొసల దగ్గర కాదు.

జెట్ మధ్యకి తేవడం అన్నిటికంటే ఓపిక పని. జెట్ పూర్తిగా పైకి, లాక్ నట్టు వదులు, డ్యాంపర్ తీసి పెన్సిల్‌తో పిస్టన్‌ని కిందికి నొక్కి పట్టుకుని నట్టు బిగించాలి. తర్వాత పిస్టన్ ఎత్తి వదిలితే "టక్" మని వంతెన (గాలి దారిలో జెట్ ఉండే ఎత్తైన అడుగు) మీద పడాలి. జెట్ పైకి ఉన్నప్పుడూ కిందికి ఉన్నప్పుడూ ఒకే చప్పుడు రావాలి. తేడా వస్తే మళ్లీ మొదటినుంచి.

మొదటి స్టార్ట్‌కి జెట్‌ని వంతెనతో సమం చేసి, నట్టు 12 ముఖాలు కిందికి, అంటే రెండు పూర్తి చుట్లు. ఇంజన్ వేడెక్కాక పిస్టన్‌ని ఒక మి.మీ. కంటే తక్కువ ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే చిక్కన, పడిపోతే పల్చన, ఒక్క క్షణం పెరిగి మామూలుకి వస్తే సరైనది. ఒక్కసారికి ఒక్క ముఖమే తిప్పండి. ఇథనాల్‌కి గాలి తక్కువ సరిపోతుంది, అందుకని పాత పుస్తకంలో చెప్పిన చోటుకంటే జెట్ కాస్త కిందే ఆగుతుంది, అది తప్పు కాదు.

ఒకటి మీ జాబితాలో లేదు: మానిఫోల్డ్‌కీ కార్బురేటర్‌కీ మధ్య వేడి ఆపే దిమ్మ, దాని రెండు వైపులా ప్యాకింగులు. ఈ ఇంజన్‌లో సైలెన్సర్ మానిఫోల్డ్ కూడా అదే వైపు, సరిగ్గా గిన్నె కింద ఉంటుంది. మే నెలలో మన ఊళ్ల ఎండకి ఆపిన బండిలో గిన్నెలో పెట్రోలు మరిగి పొంగుతుంది, మళ్లీ స్టార్ట్ కాదు. దిమ్మ, దాని కింద రేకు తెర కూడా ఆర్డర్‌లో చేర్చండి.

మైనర్_గుంటూరు

2,800కి ఇచ్చారు. కిరోసిన్ నింపి పెట్టాను, రాత్రి గడిచింది, పేపరు మీద మరక లేదు. నీడిల్ అక్షరాలు మాన్యువల్ చూసి రాసుకున్నాను. దిమ్మ, రేకు తెర, నైట్రైల్ కిట్టు, విటాన్ నీడిల్, మామూలు 5/16 స్పిండిల్ అన్నీ ఒకే ఆర్డర్‌లో పెడుతున్నాను. బుష్ పని స్పిండిల్ వచ్చాకే చేయించాలా, ముందే చేయించొచ్చా?

లేత్_ఆటోనగర్

వచ్చాకే. కొత్త స్పిండిల్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, రీమర్ దానికి తగ్గట్టు పట్టాలి. బాడీతో పాటు స్పిండిల్, డిస్కు కూడా లేత్ దగ్గరికి తీసుకెళ్లండి.